కీటో సరే, మాత్రల సంగతో?

సంపాదకులకు,

గత ఆదివారం మీరు వేసిన కీటో డైట్ వ్యాసం తగ్గిన కిలోల దగ్గరే ఆగిపోయింది. మొదటి వారంలో కాటా మీద తగ్గేది చాలావరకు నీరే. 1920లలో ఈ పద్ధతి పుట్టింది మూర్ఛరోగుల కోసం, అదీ వైద్యుల కనుసన్నల్లో. షుగరు కొన్నాళ్లు అదుపులోకి వస్తుంది, కాదనను. కానీ రోజుకు పిండిపదార్థం 50 గ్రాములు దాటకూడదంటే ఓ కప్పు అన్నంతోనే దాదాపు సరి! ఇక ఇడ్లీ, పప్పు, అరటిపండు బంద్. పెళ్లి విస్తరి ముందు ఎన్నేళ్లు నోరు కట్టుకుంటాం?

నా అసలు భయం వేరు. నాది మందుల షాపు. చీటీలో డపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర ఉన్నవాళ్లే కీటో కోసం కీటోన్ స్ట్రిప్పులూ అడుగుతున్నారు. ఆ మాత్ర వేసుకుంటూ అన్నం పూర్తిగా మానేస్తే, మీటర్లో షుగరు మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లం పెరిగి ఐసీయూ పాలయ్యే ముప్పుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు మోతాదు సవరించుకోకపోతే షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు సొంతంగా దీని జోలికే పోకూడదు. ఇంత పెద్ద వ్యాసంలో వీటికి ఒక్క వాక్యమైనా దక్కలేదు.

వచ్చే సంచికలో ఈ హెచ్చరికను అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. కీటో మొదలుపెట్టినవాళ్లు తమ మందుల చీటీని వెంటనే డాక్టరుకు చూపించాలి.

— ఓ మందుల దుకాణదారు, తెనాలి