మెట్టసీమ పిల్లవాడూ, తెరచాప ఓడా

హిందూపురంలో నిలబడి పక్షివలె సూటిగా తూర్పునకు ఎగిరిపోతే బంగాళాఖాతం సుమారు మూడువందల కిలోమీటర్లు. పడమటికి ఎగిరితే అరేబియా సముద్రమూ ఇంచుమించు అంతే దూరం. రెండు సముద్రాలకు నట్టనడుమ ఉన్నా ఏ సముద్రపు గాలికీ నోచుకోని ఊరు ఇది. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు అనుకొనే సీమ. ఇక్కడినుండి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా రైలులో పోయేవారికి కిటికీలోనుండి గుండ్లూ, గుట్టలూ, వేరుసెనగ చేలూ కనబడతవి గాని నిండుగా పారే ఏరు కనబడడం అరుదు. అటువంటి చోటినుండి మన పిల్లలను తెరచాప ఓడ ఎక్కించాలని నేను వాదించబోతున్నాను. పాఠకులు నవ్వవచ్చు. నవ్విన తరువాతనైనా నా మాట కొంచెం వినాలని మనవి.

సముద్రం మనకు అంత పరాయిదేమీ కాదు. నందికొండలలో పుట్టిన పెన్న హిందూపురం ప్రాంతంలోనే ఆంధ్రదేశంలో అడుగుపెట్టి, నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద కడలిలో కలుస్తున్నది. మన దగ్గర అది ఒట్టి ఇసుక దారి కావచ్చు. కాని ఆ దారి పోయేది సముద్రానికే. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు రాజధానిగా చేసుకొన్నది పెనుకొండనే. అంతకు ముందే కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, రేవులను బాగుచేసి, గుర్రాలనూ ఏనుగులనూ మణులనూ తెచ్చే ఓడవర్తకులను ఆదరించాలని బోధించినాడు. కొండల నడుమ కోటలో కూర్చున్న రాజుకు రేవుమీద చూపు ఉండవచ్చునట; కొండల నడుమ బడిలో కూర్చున్న పిల్లవాడికి ఉండరాదా?

అయితే నేను అడుగుతున్నది ఓడవర్తకం కాదు, నౌకాదళంలో ఉద్యోగమూ కాదు. పదహారు, పదిహేడేండ్ల పిల్లవాడు పెద్దవాడు కావడానికి ఏమి కావాలన్నది నా ప్రశ్న.

మన నౌకాదళానికి తరంగిణి అనే శిక్షణనౌక ఉన్నది. గోవాలో కట్టిన ఈ ఓడ 1997 నవంబరు 11న దళంలో చేరినది. 54 మీటర్ల పొడవు, మూడు కొయ్యలు, ఇరవై తెరచాపలు. 2003లో బయలుదేరి, భూగోళాన్ని చుట్టి, 2004లో తిరిగివచ్చినది. దాని చెల్లెలు సుదర్శిని 2012లో వచ్చినది. ఉపగ్రహాలు దారి చూపే ఈ కాలంలో, రేపు యుద్ధనౌకలను నడపబోయే యువకులకు గుడ్డ చాపలూ మోకులూ ఎందుకని అడిగేవారున్నారు. తెరచాపతో యుద్ధం చేయరన్న సంగతి దళంవారికి మనకంటె బాగా తెలుసు. తెలిసీ ఆ పని ఎందుకు చేస్తున్నారో ఆలోచించవలసినది మనమే.

తెరచాపను చుట్టికట్టాలంటే పిల్లలు కొయ్యనెక్కి, దానికి అడ్డంగా ఉన్న దూలం పొడుగునా బారులు తీరాలి. కడుపును దూలానికి ఆనించి, చేతులతో బరువైన చాపను పైకి లాగాలి. కాళ్లకు ఆధారం ఆ దూలం కింద వేలాడే తాడు. ఎవరి తాడు వారికి ఉండదు; వరుసలో నిలిచిన వారందరికీ కలిపి అదొక్కటే. కొత్తవాడు దానిమీద కాలు మోపగానే తాడు బిగుసుకొని, అప్పటికే నిలబడి ఉన్నవాడి పాదాలు కదులుతవి. కనుక కాలు పెట్టబోయే ముందు "వస్తున్నా!" అని కేకవేయడం ఓడ మర్యాద. దిగేటప్పుడూ అంతే. ఈ చిన్న ఆచారం నాకు పది నీతిపాఠాలకంటె పెద్దదిగా తోస్తుంది. తన అడుగు బరువు పక్కవాడి కాలికింద తెలుస్తుందని మనం మన పిల్లలకు ఏ తరగతిలో చెబుతున్నాము?

రాత్రి కావలి సంగతీ అటువంటిదే. ఓడలో పగలూ రాత్రీ వంతులుగా పంచుతారు. నడిరేయి చుక్కాని పట్టినవాడు కునికితే ఓడ గాలికి తప్పిపోతుంది. తెరచాపలు టపటప కొట్టుకొంటవి. కింద నిద్రపోతున్నవారందరూ లేచి మోకులు పట్టవలసివస్తుంది. తప్పు ఎవరిదో ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేదు, మార్కులు తగ్గించనక్కరలేదు. మొదటి రోజులలో కడుపు తిప్పి వాంతులు చేసుకొనేవాడికి సానుభూతి దొరుకుతుంది గాని, లేవగలిగినంతకాలం వంతు తప్పదు. వాడి పక్కన అదే మోకు లాగేవాడు అధికారి కొడుకు కావచ్చు, కూలివాని కొడుకు కావచ్చు. తాడు ఒకటే గనుక ఇద్దరూ ఒకే లెక్కకు లాగాలి.

జర్మనీనుండి వచ్చి బ్రిటనులో స్థిరపడిన కుర్ట్ హాన్ అనే ఉపాధ్యాయుడు 1941లో వేల్సు తీరాన అబర్‌డవీలో ఒక సముద్రపాఠశాల తెరిచినాడు. అండగా నిలిచినవాడు లారెన్స్ హోల్ట్ అనే ఓడల యజమాని. యుద్ధంలో ఓడలు మునిగినప్పుడు, చిన్న పడవలలో చిక్కుకొన్నవారిలో కండబలం గల పడుచువారు త్వరగా చనిపోతున్నారనీ, తెరచాపల కాలంలో ఆరితేరిన పెద్దవారు తట్టుకొంటున్నారనీ హోల్ట్ గమనించినాడట. పడుచువారికి లేనిది బలం కాదు, తమమీద తమకు నమ్మకమని ఆయన తేల్చుకొన్నాడు. ఆ తీర్పు పూర్తిగా నిజమో కాదో నేను వాదించను. ఓడల యజమాని ఒకడు బడి పెట్టించడానికి ఆ కారణం చాలినదన్నదే నాకు ముఖ్యం.

ఇటువంటి చదువు మన సీమకు కొత్త అనుకొంటే పొరపాటు. ధర్మవరంలో పట్టుచీర నేసే ఇంటికి పోయినవారికి తెలుసు. గుంటమగ్గంలో పెద్దవాడు కూర్చొంటే, పక్కన అంచు నాడె అందించడానికి మరొక చెయ్యి కావాలి. వెనుకటి రోజులలో అది తరచు పిల్లవాడి చెయ్యే. తెగిన పోగును చూచికూడా వాడు పలకకపోతే ఆ లోపం చీర దిగేదాకా కొనసాగేది. షావుకారు మడత విప్పి చూచినరోజున కూలి తగ్గేది. ఆ వారం ఇంట్లో బియ్యం తగ్గేది. పదమూడేండ్లకే తన కంటిచూపుమీద ఇంటి కూడు ఆధారపడి ఉన్నదని వాడికి తెలిసేది. చెరువుకింద నీటి వంతుకు రాత్రిపూట లాంతరు పట్టుకొని పోయే రైతు కొడుకూ అంతే. వాడు నిద్రపోతే మడి ఎండేది.

ఆ కాలాన్ని నేను పొగడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టిన పిల్లవాడికి బడి పోయేది, ఆట పోయేది. అప్పు మాత్రం తండ్రినుండి కొడుకుకు వచ్చేది. పుట్టిన కులమే వాడి పనిని నిర్ణయించేది. ఆ సంకెల తెగడం మంచిదే. కాని సంకెలతోపాటు, అది నేర్పిన బాధ్యతనుకూడా తెంచి పారవేసినాము. ఇప్పుడు పది పూర్తికాగానే పిల్లవాడిని వసతి కళాశాలలో చేరుస్తున్నాము. తెల్లవారకముందే లేపేది ఇంకొకరు, వండిపెట్టేది ఇంకొకరు, చదవవలసిన పుటను గుర్తుపెట్టేదీ ఇంకొకరే. వాడు చేయవలసినది ర్యాంకు తేవడం. రెండేండ్లపాటు వాడిమీద ఆధారపడినవారు ఒక్కరూ ఉండరు. వాడు లేకపోతే ఆగిపోయే పని ఒక్కటీ ఉండదు. అటువంటివాడికి ర్యాంకు రాకపోతే తానే లేనట్లు తోస్తుంది. ప్రతి ఏటా పరీక్షాఫలితాలు వచ్చిన వారంలో పత్రికలు మోసుకొచ్చే దుర్వార్తలు మనకు తెలియనివి కావు. వాటన్నిటికీ ఓడ మందు అని చెప్పేంత అవివేకిని కాను. వాడు లేకపోతే చాప దిగని చోట ఒక నెలయినా ఉండివచ్చిన పిల్లవాడికి, తన విలువ కొలిచే కొలబద్ద మరొకటి ఉన్నదని తెలుస్తుందని మాత్రం అంటున్నాను.

ప్రమాదం లేదా? ఉన్నది. 1957 సెప్టెంబరు 21న పామీర్ అనే జర్మను శిక్షణనౌక అట్లాంటికులో తుపానుకు చిక్కి మునిగిపోయినది. ఉన్నవారు 86 మంది, బతికినవారు ఆరుగురు. పోయినవారిలో అధికులు పడుచు విద్యార్థులు. ఆ ఓడ బార్లీని మూటలు కట్టకుండా విడిగా నింపుకొని వస్తున్నది. గింజలు ఒక పక్కకు జారినవి. శిక్షణనూ సరుకునూ ఒకే ఓడమీద మోపడమే నా దృష్టిలో అసలు తప్పు. జర్మనులు గుండెలు బాదుకొన్నారు. అయినా మరుసటి సంవత్సరమే తమ నౌకాదళానికి గోర్ఖ్ ఫోక్ అనే కొత్త తెరచాప ఓడను నీళ్లలోకి దించినారు. బిడ్డను పంపే తల్లికి భయం లేదని నేను చెప్పను. భయానికి తగిన జాగ్రత్త ఉన్నదా అని అడిగే హక్కు ఆమెకు ఉన్నది, చూపించే పూచీ ప్రభుత్వానిది.

తరంగిణి నౌకాదళపు ఓడ. ఒక్కసారికి ముప్పయిమందికి చోటు. దానిమీద శిక్షణకు ఎక్కేవారు అధికారులు కాబోయేవారు. మన కుర్రవాడికి అందులో వంతు అడగడం న్యాయం కాదు. ఆంధ్రరాష్ట్రానికి సుమారు వేయి కిలోమీటర్ల తీరం ఉన్నది. కాకినాడలోనో కృష్ణపట్నంలోనో రాష్ట్రం తరఫున చిన్న తెరచాప ఓడ ఒకటి నిలిపి, విద్యార్థులను మూడేసి వారాలు తిప్పాలి. అందులో సగం చోట్లు సముద్రం చూడని జిల్లాలకు కేటాయించాలి. ర్యాంకులతో పిల్లలను ఎంపిక చేస్తే మాత్రం ఈ ఆలోచన మొదటిరోజే చచ్చినట్లు. చీట్లు వేయడమే మేలు.

ఆడపిల్లల మాటేమిటని అడిగేవారికి జవాబు చెప్పడానికి నేను చాలను. 2017 సెప్టెంబరులో గోవానుండి తారిణి అనే చిన్న తెరచాప నావమీద ఆరుగురు స్త్రీలు, నౌకాదళాధికారులు, బయలుదేరి 254 రోజులలో ప్రపంచాన్ని చుట్టివచ్చినారు. వారిలో పి. స్వాతి విశాఖపట్నం బిడ్డ, బి. ఐశ్వర్య హైదరాబాదు బిడ్డ. చీట్లలో అందరి పేర్లూ వేయాలి.

ఓడ వచ్చేదాకా మనం చేయగల పని ఒకటి మిగిలి ఉన్నది. మన పిల్లలలో ఎక్కువమందికి ఈత రాదు. చెరువు నిండిన ఏడాది సంబరపడేది మనమే, ఆ ఏడే కుంటలలో పిల్లలను పోగొట్టుకొనేదీ మనమే. ధర్మవరం చెరువు ఉన్నది. పెనుకొండ పక్కన గొల్లపల్లి జలాశయంలోకి ఈమధ్య కాలువనీళ్లు వస్తున్నవి. ఈత తెలిసిన పెద్దలు ఇద్దరు, గట్టుకు కట్టిన మోకు ఒకటి, గాలి నింపిన లారీ ట్యూబులు పది ఉంటే, రాబోయే వేసవి సెలవులలోనే మొదలుపెట్టవచ్చు.