ఒక్క మిల్లీమీటరు మహాత్మ్యం

తెర మీద హీరో గిటారు పట్టుకోగానే మనం చూసేది అతగాడి వేళ్లనీ, ఎదురుగా ఉన్న హీరోయిన్ కళ్లనీ! 1973లో ‘యాదోం కీ బారాత్’లో జీనత్ అమన్ గిటారుతో కనిపిస్తే కుర్రకారు కళ్లు ఎక్కడున్నాయో నేను చెప్పాలా? ఆ గిటారు మెడ ఎంత వాలుగా ఉందని మాత్రం ఎవరూ చూసి ఉండరు. నేనూ చూడలేదు. ఆ చూడకపోవడమే పోయిన వేసవిలో నా పరువు మీదికి తెచ్చింది.

మా మేనల్లుడు కాలేజీ వార్షికోత్సవంలో వాయించాలి, గిటారు కావాలన్నాడు. “కొనడమెందుకురా, నేనే చేసిస్తా!” అని నలుగురి ముందూ అనేశాను. మూడు నెలలు కష్టపడ్డాను. ఇంకో నాలుగు రోజుల్లో ఫంక్షన్ అనగా తీగలు బిగించి వాడి చేతికిచ్చాను. రెండు నిమిషాలు వాయించి, ఎర్రగా కందిన వేళ్లు చూపించాడు.

“మామయ్యా, ఇది గిటారా, కత్తిపీటా?”

కొలిచి చూశాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చేతికి హాయి. నాది నాలుగు! ఫ్రెట్ల మీద పొడుగాటి స్టీలు స్కేలు పెడితే దాని కొస బ్రిడ్జి నెత్తిని తాకాలి. నాది బ్రిడ్జి నెత్తికి 3 మిల్లీమీటర్లు కిందే గుద్దుకుంది. అంటే మెడ వెనక్కి వాలాల్సినంత వాలలేదన్నమాట.

తీగల్ని మోసే సాడిల్‌నీ, దాని కిందున్న బ్రిడ్జినీ అరగదీసేస్తే అరగంటలో పనైపోతుంది. ఉప్పుకాగితం చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే వచ్చాడు మా వీధి చివర వడ్రంగి తాత. సంగతంతా విని నవ్వాడు.

“తలుపు నేలకి రాసుకుంటుంటే నేల చెక్కుతారా బాబూ? బందు సరిచేస్తారు గానీ!”

నిజమే! తీగలు సాడిల్ మీద వంగి దిగుతూ దాన్ని గట్టిగా నొక్కితేనే పై పలక బాగా కదిలి పలుకుతుంది. అక్కడ ఎత్తు తగ్గిస్తే చేతికి సుఖం, చెవికి కష్టం. తప్పు కనిపించేది బ్రిడ్జి దగ్గర, ఉన్నది మెడ మొదట్లో. దాన్ని హీల్ అంటారు, అంటే మడమ.

ఇక లెక్క. నా గిటారులో మెడ, పెట్టె కలిసే చోటు నుంచి సాడిల్‌కి సుమారు 287 మిల్లీమీటర్లు. హీల్ ఎత్తు 100. బ్రిడ్జి దగ్గర 3 కావాలంటే మూణ్ణూర్లు 300ని 287తో భాగించండి. కాస్త అటూ ఇటూగా ఒకటి! హీల్ అడుగున ఒక్క మిల్లీమీటరు తీసి, పైకి వచ్చేసరికి సున్నా అయ్యేట్టు ఏటవాలుగా తగ్గించాలి.

అదృష్టం బాగుండి మెడని జిగురుతో అంటించలేదు, బోల్టులతో బిగించాను. అంటించిన పాత గిటార్లయితే ఒక ఫ్రెట్ పీకి, చిన్న చిల్లు పెట్టి, ఆవిరి పంపి జాయింటు వదులు చెయ్యాలి. నాకు బోల్టులు వదులు చేస్తే సరిపోయింది. హీల్‌కీ పెట్టెకీ మధ్య ఉప్పుకాగితం పట్టీ పెట్టి, గరుకు వైపు హీల్‌కి ఉంచి, మెడ నొక్కిపట్టి లాగడమే. కుడివైపు ఎన్నిసార్లు లాగితే ఎడమవైపూ అన్నిసార్లే! లెక్క తప్పితే మెడ పక్కకి తిరుగుతుంది. ఐదుసార్లు లాగడం, బిగించడం, స్కేలు పెట్టి చూడడం... ఒక రాత్రంతా ఇదే భాగోతం! మెడ వెనక్కి వాలేసరికి ఫింగర్‌బోర్డు కొస పెట్టె మీంచి కాస్త లేచింది. దాని కింద పల్చటి చెక్క చీలిక పెట్టాను.

తెల్లారేసరికి స్కేలు బ్రిడ్జి నెత్తిని ముద్దాడింది. మళ్లీ తీగలు బిగించి కొలిస్తే రెండున్నర!

ఫంక్షన్ రోజున మేనల్లుడు రెండు పాటలు వాయించాడు. చప్పట్లన్నీ వాడికే. అందులో ఒక్క మిల్లీమీటరు వాటా నాదని నేనూ, మా వడ్రంగి తాతా వెనక వరసలో కూచుని చెప్పుకున్నాం.

మీరూ గిటారు చేద్దామనుకుంటున్నారా? అయితే ఒక్క మాట. జిగురు డబ్బా మూత తీసే ముందు స్కేలు పెట్టి చూడండి. ఉంటాను మరి!