రేవు గుర్తుంచుకున్నది, రేవు మరచిపోయినది

రాజుల చరిత్రకు ఆస్థాన కవులుంటారు. ఊళ్ళ చరిత్రకు ఆ ఊరివాళ్ళే ఆస్థాన కవులు. ఏ కథను పదిమందికీ చెప్పుకోవాలో, ఏ కథను అటకెక్కించాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. అందుకే ఏ ఊరి చరిత్ర చదివినా, అందులో ఉన్నదానితోపాటు లేనిదేమిటో కూడా వెదకాలని నా అభిప్రాయం. అమెరికాలోని డులూత్ నగరం ఇందుకు మంచి ఉదాహరణ. మన చదువరులకు ఈ పేరు అంతగా పరిచయం లేకపోవచ్చు కనుక కాస్త వివరంగా వ్రాస్తాను.

మిన్నెసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు పడమటి కొసన ఉన్న రేవుపట్టణం ఇది. సరస్సనగానే మన కొల్లేరునో, పాకాలనో ఊహించుకోరాదు. వైశాల్యంలో ప్రపంచంలోకెల్లా పెద్ద మంచినీటి సరస్సు అది. సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. దానిమీద తుఫానులు లేస్తాయి, పెద్ద పెద్ద ఓడలు మునుగుతాయి. 1679లో అటుగా వచ్చిన ద్యూ లూత్ అనే ఫ్రెంచి యాత్రికుని పేరే ఊరికి మిగిలింది. ఒజిబ్వే ప్రజలకు మాత్రం ఆ చోటు ‘ఓనిగమీన్సింగ్’. చిన్న మోతదారి అని అర్థం. సరస్సుకూ లోపలి రేవుకూ నడుమ పొడవాటి ఇసుకతిన్నె ఒకటుంది. పడవలను భుజాలకెత్తుకొని ఆ తిన్నెను దాటేవారు గనుక ఆ పేరు. 1854 నాటి లా పాయింట్ ఒప్పందంతో ఒజిబ్వేలు ఆ తీరాన్ని వదులుకోవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడే సూ లాకులు తెరచుకొని, సుపీరియర్ నుండి దిగువ సరస్సులకు ఓడదారి ఏర్పడింది. ఈ రెండూ జరగకపోతే తరువాతి కథ లేనే లేదు.

ఇక ఊరు ఎంతో ఇష్టంగా చెప్పుకొనే కథకు వస్తాను. లోపలి రేవుకు సహజమైన ముఖద్వారం పొరుగున ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రపు సుపీరియర్ పట్టణం వైపు ఉండేది. తమకంటూ ఒక దారి కావాలని డులూత్ వాళ్ళు 1870లో ఇసుకతిన్నెకు అడ్డంగా కాలువ తవ్వడం మొదలుపెట్టారు. పొరుగువాళ్ళు కోర్టుకెక్కారు. పని ఆపమనే ఉత్తర్వు వచ్చేలోగా ఊరు ఊరంతా పారలు పట్టుకొని రాత్రింబవళ్ళు తవ్వి కాలువ పూర్తి చేసిందట! వినడానికి ముచ్చటగా ఉంటుంది. కాని ఆనాటి పత్రికలనూ రికార్డులనూ పరిశీలించినవారు ఇది కట్టుకథేనని తేల్చారు. 1871 వసంతంలో ఆ కాలువను తెగగొట్టింది ఆవిరితో నడిచే డ్రెడ్జర్. జనం చేతి పారలు కాదు. అయినా కథ మాత్రం తరతరాలుగా నిలిచింది.

అదే 1871లో కెంటకీ ప్రతినిధి ప్రాక్టర్ నాట్, కాంగ్రెస్ సభలో డులూత్‌ను అంతులేని వ్యంగ్యంతో పొగిడి సభనంతా నవ్వించాడు. ఊరికి డబ్బు సమకూర్చిన జే కుక్ 1873లో దివాలా తీయడంతో ఆ నవ్వు నిజమైంది. 1877 నాటికి డులూత్ నగరహోదా పోగొట్టుకొని మళ్ళీ గ్రామమైంది. హోదా తిరిగి వచ్చేసరికి 1887. ఇక్కడ ఊరివాళ్ళను మెచ్చుకోవాలి. తమను వెక్కిరించిన ఆ నాట్ పేరునే పక్కనున్న ఒక రైల్వే ఊరికి పెట్టారు. నేటికీ అది ప్రాక్టర్‌గానే ఉంది. తన మీద వేసిన హాస్యాన్ని తానే దాచుకోగల ఊరు, తాను చేసిన అన్యాయాన్ని ఎందుకు దాచిపెట్టింది? నా ప్రశ్న ఇదే.

దానికి ముందు ఇనుము గురించి చెప్పాలి. ఊరికి ఉత్తరాన మెసాబీ అనే గుట్టల వరుస ఉంది. ఒజిబ్వే భాషలో రాక్షసుని పేరది. 1890లో డులూత్‌కు చెందిన మెరిట్ సోదరులు అక్కడ ఇనుప ఖనిజం కనుగొన్నారు. అది గట్టి రాయి కాదు, మెత్తని ఎర్రమట్టి. నేలపైనే దొరకడంతో సొరంగాల అవసరం లేకుండా ఆవిరి యంత్రాలతో ఎత్తి రైలు పెట్టెల్లో పోయవచ్చు. 1892లో మెరిట్ల రైలుమార్గం నడిచింది. 1893లో డులూత్‌లోనే ఖనిజపు రేవుకట్ట లేచింది. ఆ కట్టల పని చూడముచ్చటైనది. ఎత్తైన కట్టమీదికి రైలే ఎక్కుతుంది. పెట్టెల అడుగు తెరిస్తే ఖనిజం గదుల్లోకి జారుతుంది. అక్కడినుండి వాలు తొట్ల గుండా ఓడ కడుపులోకి దిగుతుంది. చేసేదంతా భూమ్యాకర్షణే.

కాని 1893 ఆర్థిక సంక్షోభంలో మెరిట్లు రాక్‌ఫెల్లర్ వద్ద అప్పుపడి, గనులూ రైలూ అన్నీ ఆయనకే అప్పగించారు. వారి దావాలో జ్యూరీ 1895లో 9,40,000 డాలర్లు ఇప్పించమంటే, పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చివరకు 5,25,000 డాలర్లకు రాజీ కుదిరింది. ఆయన ఏ మోసమూ చేయలేదని మెరిట్లు వ్రాసి ఇవ్వవలసి వచ్చింది కూడా. 1901లో ఆ గనులన్నీ యునైటెడ్ స్టేట్స్ స్టీల్ సంస్థలో కలిశాయి. గనుల్లో దిగిన ఫిన్లాండు, ఇటలీ, స్లావిక్ దేశాల కూలీలు 1907లోనూ, 1916లోనూ సమ్మెలు చేసి ఓడిపోయారు. ఖనిజాన్ని కనుగొన్నవాళ్ళకూ, దాన్ని తవ్వినవాళ్ళకూ దక్కినది ఇంతే.

ఇప్పుడు 1920. జూన్ నెలలో ఒక సర్కస్ ఊరికి వచ్చింది. అందులో పనిచేసే నల్లజాతి యువకులు తనపై అత్యాచారం చేశారని ఒక శ్వేతజాతి యువతి పేరిట ఆరోపణ వచ్చింది. ఆమెను పరీక్షించిన వైద్యునికి అటువంటి ఆధారమేదీ కనబడలేదు. అయినా జూన్ 15 రాత్రి వేలాది జనం పోలీసు స్టేషనును ముట్టడించారు. ఎలియాస్ క్లేటన్, ఎల్మర్ జాక్సన్, ఐజాక్ మెగీ అనే ముగ్గురిని బయటకు లాగి, నడివీధిలో దీపస్తంభానికి ఉరితీశారు. ఆ శవాల పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. ఆ ఫొటోలు పోస్టుకార్డులై అమ్ముడుపోయాయి. హత్యానేరం మీద ఒక్కరికీ శిక్ష పడలేదు. అల్లరి చేసినందుకు ముగ్గురు కొంతకాలం జైలులో ఉన్నారు. అత్యాచారం కేసులో మాక్స్ మేసన్ అనే మరో నల్లజాతి యువకునికి మాత్రం ఏడు నుండి ముప్పై ఏళ్ళ శిక్ష వేశారు.

ఆ తరువాత ఊరు మౌనం వహించింది. 1979లో మైకేల్ ఫెడో దీనిపై పుస్తకం వ్రాసేదాకా, అక్కడే పుట్టి పెరిగినవారిలోనే ఎందరో ఈ సంగతి ఎరుగరు. హతుల సమాధులపై 1991 దాకా పేర్లు లేవు. జరగని పారల కథ ప్రతి బిడ్డకూ తెలుసు. వేలమంది కళ్ళారా చూసిన హత్య ఎవరికీ తెలియదు! దీనిని మతిమరుపు అనడానికి నాకు మనసొప్పదు. అంతమంది చూసిన దానిని మరచిపోవాలంటే అంతమందీ పూనుకోవాలి.

నోరు విప్పకపోవడానికి ఇంకో తీరు ఉంది. అది అన్నం పెట్టే చేతిని గూర్చినది. ఎర్రమట్టి తరిగిపోయాక టాకొనైట్ అనే గట్టిరాయిని పొడిచేసి ఇనుము తీయడం మొదలైంది. సిల్వర్ బేలోని రిజర్వ్ మైనింగ్ కర్మాగారం రోజుకు సుమారు 67,000 టన్నుల రాతిపొడి సరస్సులో పోసింది. ఆ సరస్సు నీళ్ళే డులూత్ తాగుతుంది. తాగునీటిలో ఆస్‌బెస్టాస్ వంటి నూగు ఉన్నదని 1973లో బయటపడింది. 1974లో జడ్జి మైల్స్ లార్డ్ కర్మాగారాన్ని మూయమన్నా అప్పీళ్ళతో సాగి, 1980లో గాని ఆ పారబోత ఆగలేదు. ఉద్యోగాలు పోతాయన్న భయం అబద్ధం కాదు. ఆ భయం ముందు మంచినీళ్ళ సంగతి కూడా వెనక్కి పోయిందన్నదీ అబద్ధం కాదు.

‘పాత పుండ్లు కెలకడం దేనికి?’ అనేవారు ఎక్కడైనా ఉంటారు. వారికి డులూతే జవాబు చెప్పింది. 2003లో, ఆ ఉరి జరిగిన కూడలికి ఎదురుగా, ముగ్గురి ప్రతిమలతో స్మారకం కట్టారు. ఊరు కూలిపోలేదు, ఓడలు ఆగలేదు. కెలికిన తరువాతనే మాన్పడానికి వీలు చిక్కింది. 2020 జూన్‌లో మాక్స్ మేసన్‌కు మరణానంతర క్షమాభిక్ష లభించింది. మిన్నెసోటా చరిత్రలో అదే మొదటిది. వందేళ్ళ ఆలస్యం. చనిపోయినవానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కాని ‘మేము తప్పు చేశాము’ అన్న మాట ప్రభుత్వపు కాగితం మీదికి ఎక్కింది. తరువాతివాళ్ళు ఇక దానిని లేదనలేరు.

కాలువ కథను చెరిపివేయమని నేననను. ఊరికి ముచ్చట్లూ కావాలి. కాని ఒక ఊరి గొప్పతనాన్ని అది ఎన్ని కోట్ల టన్నుల ఖనిజం ఎగుమతి చేసిందన్న లెక్కతో కొలవడానికి నేను ఒప్పుకోను. తన వీధిలో తన జనం చేసినదానిని, ఆ వీధిలోనే రాయిమీద చెక్కుకోగలిగిందా లేదా అన్నది నా కొలత. ఆ లెక్కన డులూత్ గొప్ప ఊరైనది 1892లో కాదు, 2003లో.