ట్రిగ్గర్ మారిస్తే పాయింట్లు పెరుగుతాయా?

మన ఐటీ వాళ్ళకి ఒక జబ్బుంది. అప్లికేషన్ నెమ్మదిగా నడుస్తోందంటే చాలు, లాగ్ చూడకముందే "సర్వర్ మార్చేద్దాం" అంటాం. నాలుగు రోజులు బానే ఉంటుంది, ఐదో రోజు మళ్ళీ అదే కథ. మా నల్లగొండ వైపు రైతులకీ ఇలాంటిదే ఒకటుంది. బోరులో నీళ్ళు తగ్గితే ఐదు హార్స్ పవర్ మోటారు తీసి ఏడున్నర దించుతారు. మోటారు పెద్దదయింది సరే, కింద నీళ్ళు పెరిగాయా?

ఇదంతా ఎందుకంటే, మహబూబ్‌నగర్‌లో ఉండే మా మేనల్లుడు పోటీలకి వాడే తన ఎయిర్ పిస్టల్ అమ్మేసి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్నది కొంటానంటున్నాడు. ట్రిగ్గర్ ఒక్కటే మార్చుకోవచ్చు కదా అంటే, చాలా కంపెనీల్లో ఎలక్ట్రానిక్ అంటే వేరే మోడలే. "మామా, గిది గుంజుతుంటే మధ్యల ఆగినట్టయితది. ఎలక్ట్రానిక్ అయితే మౌస్ క్లిక్ లెక్క ఉంటది" అన్నాడు. నేను ఇంజనీర్ని కాబట్టి మౌస్ అంటే పడిపోతాననుకున్నాడేమో. పాతది అమ్మగా వచ్చింది పోను మిగతా డబ్బులు నేను పెట్టాలి, అదీ సంగతి :)

డబ్బు పెట్టే ముందు కాస్త లెక్క చూద్దాం. పది మీటర్ల ఎయిర్ పిస్టల్లో పదో రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ 4.5. గీతకి తగిలినా పదే ఇస్తారు కాబట్టి మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల దాకా పక్కకి పోవచ్చు. పిస్టల్ మీద ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య సుమారు 33 సెంటీమీటర్లు ఉందనుకుంటే, ముందు సైటు పావు మిల్లీమీటరుకి మించి జరిగితే పది పోయినట్టే. అంత సన్నటి పని చేసేటప్పుడు వేలు కాస్త గట్టిగా గుంజినా తేడా వస్తుంది. కాబట్టి ట్రిగ్గర్ ముఖ్యం కాదని నేననను.

కానీ ఇక్కడ చాలామంది మర్చిపోయే రూలొకటి ఉంది. ఐఎస్ఎస్ఎఫ్ నిబంధనల ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకి తగ్గకూడదు. పిస్టల్ గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కి ఆ బరువు తగిలించి పైకి లేపుతారు. బరువు నిలవకుండా ట్రిగ్గర్ పడిపోయిందా, ఫెయిల్. 25 మీటర్ల పిస్టల్‌కైతే ఇది 1000 గ్రాములు. అంటే ఎంత ఖరీదు పెట్టినా ఇంతకంటే తేలికైన ట్రిగ్గర్ కొనలేం. ఇప్పుడు వాడి దగ్గరున్నది మామూలు మ్యాచ్ పిస్టలే, అదీ 500 కి సెట్ అవుతుంది. మరి కొనేదేమిటి? స్పర్శ. తెగే చోటు ఇంకాస్త స్పష్టంగా తెలియడం. అది ఉత్తిదేం కాదు, కానీ దాని విలువ ఎన్ని పాయింట్లు?

వాడి స్కోరు షీట్ పంపమన్నాను. పదేసి షాట్ల చొప్పున ఆరు సిరీస్‌లు: 93, 92, 91, 90, 87, 86. మొత్తం 539. ఇది చూశాక నాకు పెద్దగా సందేహం మిగల్లేదు. ఇది మొదటి సిరీసో ఆరో సిరీసో ట్రిగ్గర్‌కేం తెలుసు? అదే ట్రిగ్గర్‌తో 93 కొట్టినవాడు గంట తర్వాత 86 కొట్టాడంటే మారింది పిస్టల్ కాదు, దాన్ని పట్టుకున్న చెయ్యి. అలసిన చేతిని మంచి ట్రిగ్గర్ కొంత ఆదుకుంటుంది, ఒప్పుకుంటాను. ఒకటో రెండో పాయింట్లు. ఏడు కాదు.

ఇంకో ఆధారం కూడా చూడొచ్చు. కుడిచేతి వాటం వాళ్ళు ట్రిగ్గర్‌ని ఒక్కసారిగా లాగేస్తుంటే షాట్లు ఎక్కువగా ఎడమవైపు కిందకి పోతాయి. వీడివి నాలుగు దిక్కులా చెదిరాయి. అది ఎక్కువగా పట్టు నిలవకపోవడం వల్ల. అకాడమీల్లో స్కాట్ అనే యంత్రం ఉంటుంది, షాట్ పడే ముందు గురి ఎలా తిరిగిందో గీత గీసి చూపిస్తుంది. మన ప్రొఫైలర్ లాంటిదే. కొనక్కర్లేదు, ఒక గంట అడిగి వాడుకుంటే చాలు.

మధ్యలో ఆగినట్టుంది అన్న మాటకి కూడా ముందు చూడాల్సింది స్క్రూలు. మొదటి దశ ఎంత, రెండో దశ ఎంత, తెగాక ఎక్కడ ఆగాలి, అన్నీ సర్దుకునే వీలుంటుంది. తిప్పే ముందు పాత సెట్టింగులు రాసి పెట్టుకోవాలి (బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్లో వేలు పెట్టేవాళ్ళకి ఇది అర్థమవుతుంది). తిప్పాక బరువు మళ్ళీ తూచుకోవాలి, లేదంటే పోటీ అయ్యాక చెకింగ్‌లో పట్టుబడి మొత్తం స్కోరు పోతుంది.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్‌కి కొత్త తలనొప్పులూ ఉంటాయి. 2021 లో టోక్యోలో మను భాకర్‌కి పోటీ మధ్యలో పిస్టల్ లీవర్ విరిగింది. అది మార్చాక సర్క్యూట్ మొరాయించింది. విలువైన నిమిషాలు పోయి 575 తో 12 వ స్థానంలో ఆగిపోయింది. మొదట విరిగింది లీవరే కాబట్టి నింద మొత్తం ఎలక్ట్రానిక్స్ మీద వెయ్యను. కానీ ఆవిడ వెనక కోచ్, స్పేర్ పార్టులు ఉన్నాయి. పాలమూరు బస్సులో వచ్చే పిల్లాడి వెనక ఎవరున్నారు?

"గగన్ నారంగ్ కోసం ఇంట్లోవాళ్ళు స్థలం అమ్మి రైఫిల్ కొనలేదా?" అని మా అక్క అడిగింది. కొన్నారు, నిజమే. ఆయన 2012 లో లండన్‌లో కాంస్యం తెచ్చాడు. కానీ వాళ్ళు కొన్నది రైఫిల్. సరైన ఆయుధమే లేనప్పుడు అప్పు చేసైనా కొనాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఉన్నదాని మీద ఇంకో మెట్టు ఎక్కడం వేరు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కోసం వాళ్ళ నాన్న ఇంట్లోనే రేంజ్ ఏర్పాటు చేశారు. 13 ఏళ్ళకే, 2018 లో, జాతీయ ఛాంపియన్ అయింది. ఆ తండ్రి చేసిన ఖర్చు నాకు ఎక్కువ నచ్చుతుంది, రోజూ చేతికి పనిచెప్పే ఖర్చది.

అందుకని మా వాడికి ట్రిగ్గర్ బదులు పెల్లెట్లు, కోచ్ ఫీజు, రేంజ్ దగ్గర నెలకి రెండు శనివారాల గది ఖర్చు ఇస్తానన్నాను. పెల్లెట్ లేకుండా ఇంట్లో గోడకేసి రోజుకి అరగంట ఉత్త ట్రిగ్గర్ నొక్కడం అదనం, అది ఉచితం. ఆరు నెలల తర్వాత ఆఖరి సిరీస్ మొదటిదానితో సమానంగా వచ్చి, అప్పటికీ ట్రిగ్గరే అడ్డం అనిపిస్తే ఎలక్ట్రానిక్ కొనిస్తాను. అక్క నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ప్రతి సిరీస్ పక్కన ఏమనిపించిందో రాసి పంపమన్నాను. మొదటి షీట్ నిన్ననే వచ్చింది. ఆరో సిరీస్ ఎదురుగా "ఆకలైంది, పొద్దున అయిదింటికి బస్సెక్కిన" అని రాసుంది.