క్యాన్సర్ పరీక్షలు: నిర్ణయం ఎవరిది, కొలత ఎవరిది?

"కలిసి తీసుకునే నిర్ణయం" అన్న మాట వైద్యరంగంలో చాలా ఏళ్ళుగా వినిపిస్తోంది. ఒక పరీక్షో ఆపరేషనో అవసరమా కాదా అన్నది డాక్టరు ఒక్కరే తేల్చేయకుండా, మంచిచెడ్డలు వివరించి, వచ్చిన మనిషి భయాలూ ఇష్టాయిష్టాలూ విని, ఇద్దరూ కలిసి ఒక నిర్ణయానికి రావాలని దాని అర్థం. మన శరీరాల మీద మనకే హక్కు అని దశాబ్దాలుగా అంటున్న మనం ఇందులో కాదనాల్సింది ఏమీ లేదు. అయితే అది నిజంగా జరుగుతోందని ఎలా తెలుస్తుంది? అందుకోసం కొలతలు కూడా తయారుచేశారు. నా పేచీ ఆ కొలతలతో.

ఇవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, రోగినే అడిగేది. 2010లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన ప్రశ్నావళిలో తొమ్మిది వాక్యాలుంటాయి. వేరువేరు మార్గాలున్నాయని డాక్టరు చెప్పారా, సమాచారం అర్థమయ్యేలా వివరించారా, డాక్టరూ మీరూ కలిసి ఒక మార్గాన్ని ఎంచుకున్నారా, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు దాకా మార్కులు. రెండోది, బయటి మనిషి ఆ సంభాషణ విని మార్కులు వేసేది. గ్లిన్ ఎల్విన్ బృందం 2003లో వేల్స్‌లో పన్నెండు అంశాలతో ఇలాంటి కొలబద్ద తయారుచేసింది.

ఈ రెండో రకం ఏం బయటపెట్టగలదో అమెరికా అనుభవం చెబుతుంది. బాగా పొగతాగే అలవాటున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ స్కానింగుకు డబ్బు చెల్లించాలంటే, ముందు డాక్టరు వాళ్ళతో కూర్చుని కలిసి నిర్ణయం తీసుకోవాలని 2015లో అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ షరతు పెట్టింది. 2018లో అచ్చయిన ఒక చిన్న పరిశోధనలో, ఆ స్కానింగు గురించి జరిగిన 14 సంభాషణల రికార్డులను ఎల్విన్ కొలబద్దతో కొలిచారు. వందకు సగటున 6 మార్కులు వచ్చాయి. సగటున పదమూడు నిమిషాలు సాగిన భేటీలో స్కానింగు గురించి మాట్లాడింది 59 సెకన్లు. లేని జబ్బును ఉన్నట్టు చూపే ప్రమాదం గురించి దాదాపు ఎవరూ ఎత్తలేదు. రోగులనే అడిగే కొలతల్లో మాత్రం మార్కులు సాధారణంగా బాగా ఎక్కువగా వస్తాయి. ఇందులో వింతేముంది? తనకు చెప్పని విషయం చెప్పలేదని ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

ఆ తొమ్మిది వాక్యాలనూ నేను తెలుగు చేసి ప్రకాశం జిల్లాలో ఒక ఊళ్ళో సంఘం స్త్రీల ముందు పెట్టాను. పరిశోధన అనను, మనవాళ్ళకు పనికొస్తాయో లేదో చూద్దామని. "డాక్టరూ నేనూ కలిసి" అన్న దగ్గర ఒకామె నవ్వాపుకోలేకపోయింది. "ఆమె కుర్చీలో, నేను చీర పైకి లాక్కుని బల్ల మీద. ఇంక కలిసి ఏం ఎంచుకుంటామమ్మా?" అంది. డాక్టరేటు చేసిన నాకు ఆ బల్ల గుర్తుకు రాలేదు.

ఇంకొకామె నవ్వలేదు. ఆమె ముప్ఫై రెండేళ్ళకే గర్భసంచి తీయించుకుంది. తెల్లబట్ట అవుతోందని పట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కి వెళితే, మూతి దగ్గర పుండు ఉందనీ, అలాగే ఉంచుకుంటే క్యాన్సరులోకి దిగుతుందనీ చెప్పారట. "డాక్టరమ్మ చాలా మంచిది. విసుక్కోలేదు. బొమ్మ గీసి చూపించింది. మందులు వాడొచ్చు, కాని మళ్ళీ మళ్ళీ వస్తుంది అంది. 'ఏమ్మా, ఏమంటావు, నీ ఇష్టం' అని అడిగింది. నేనూ మా ఆయనా ఆలోచించుకుని సరేనన్నాం" అంది. తొమ్మిదింటికీ ఆమె దాదాపు నిండా మార్కులు వేసింది.

డాక్టరు వేరే మార్గం ఉందన్నది, వివరించింది, అడిగింది. చెప్పింది మాత్రం అబద్ధం. తెల్లబట్టకు చాలాసార్లు కారణం మందులతో తగ్గే ఇన్‌ఫెక్షనే, అది క్యాన్సరుగా మారదు. అనుమానముంటే మూతి దగ్గర కణాలు తీసి పాప్ స్మియర్ పరీక్ష చేయాలి. ఆమెకు అది చేయనే లేదు. పరీక్ష చేయాల్సిన చోట క్యాన్సర్ భయాన్ని పెట్టి ఆపరేషన్ చేశారు. మన కొలబద్ద దానికి పూర్తి మార్కులిచ్చింది! ఇవి మర్యాదను కొలుస్తున్నాయి, నిజాన్ని కాదు. విసుక్కోని డాక్టరును చూడటమే అరుదైన చోట మర్యాద ఎంత పెద్దగా కనిపిస్తుందో మనందరికీ తెలుసు.

ఇది ఒక్కామె కథే అయితే ఇంత రాయను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఇందులో అవసరమై చేసినవి ఉంటాయి, నిజమే. కాని దేశంలో ఎక్కడా లేనంత అవసరం మన ఆడవాళ్ళకే ఎందుకొచ్చింది?

మిత్రులు కొందరు అడుగుతారు, అసలు పరీక్షలే అందనిచోట ఈ చర్చ దేనికని. న్యాయమైన ప్రశ్నే. 30 నుంచి 65 ఏళ్ళ వారికి అయిదేళ్ళకొకసారి నోరు, రొమ్ము, గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్షలు చేయాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. 2019-21 సర్వే నాటికి 30-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి మూతి పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమే. ఆ పరీక్ష జరగాలనే నేనూ అంటాను. పలుచని ఎసిటిక్ యాసిడ్ పూసి కంటితో చూసే ఆ పరీక్ష ఒక్కసారి చేసినా మరణాలు 35 శాతం తగ్గాయని తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో చేసిన అధ్యయనం 2007లోనే చూపించింది. రొమ్ము ఎక్స్‌రే, అంటే మామోగ్రఫీ సంగతి అంత తేలిక కాదు. ఒక మరణం ఆగినందుకు దాదాపు ముగ్గురు స్త్రీలకు, జీవితాంతం బాధించని క్యాన్సరుకు కూడా చికిత్స జరుగుతుందని 2012లో బ్రిటన్‌లో ఒక స్వతంత్ర నిపుణుల సంఘం లెక్కగట్టింది. ఇక్కడ తూకం వేసుకోవాల్సింది ఆమే. హెల్త్ చెకప్ ప్యాకేజీ అమ్మే ఆస్పత్రి ఈ లెక్క ఆమెకు చెబుతుందా?

నా భయం ఇంకొకటి. "ఎంతమందికి చేశారు" అన్నదొక్కటే పైనుంచి అడిగితే కిందివాళ్ళు ఆ అంకె తెచ్చి ఇస్తారు. కుటుంబ నియంత్రణలో టార్గెట్లను 1996లో కాగితం మీద రద్దు చేయించుకోవడానికి ఎంత పోరాడామో మరిచిపోగలమా? అలాగని "కలిసి నిర్ణయించారా" అన్న గడి ఒకటి ఫారంలో చేర్చినా అదే గతి. గర్భసంచి మూతి క్యాన్సర్ రాకుండా అంటూ 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ళ ఆడపిల్లలకు టీకాలు వేశారు. వివాదం లేచి 2010లో ఆ ప్రాజెక్టు ఆగింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. ఫారాలకు లోటు లేదు. తల్లులే లేరు.

అందుకని కొలత ఆస్పత్రి గుమ్మం బయట జరగాలి. పరీక్ష అయిన వారం పది రోజులకు ఆమె ఇంటికి వెళ్ళి, ఆరోగ్యశాఖతో సంబంధం లేని సంఘం మనిషి అడగాలి. డాక్టరు ఎలా మాట్లాడారని కాదు. ఆ పరీక్ష దేనికో నీ మాటల్లో చెప్పు అనాలి. వద్దంటే ఏమవుతుందనుకున్నావు, ఎవరైనా కోప్పడతారనో పథకం డబ్బు ఆగిపోతుందనో అనిపించిందా? ఏదైనా తేడా వస్తే ఎక్కడికెళ్ళాలి, ఛార్జీలెవరిస్తారు, ఇంట్లో ఎవర్నడగాలి? నిజానికి ఈ ఆఖరి ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. పరీక్షలో తేడా వచ్చాక దారి చూపలేని కార్యక్రమానికి ఎన్ని మార్కులు వేయాలి? సంభాషణలో పాల్గొన్న భర్తకూ అత్తగారికీ కూడా ఆ తొమ్మిది వాక్యాల్లో చోటు లేదు. మన దగ్గర ఆ గదిలో ఉండేది ఇద్దరే కాదు కదా.

గర్భసంచి పోగొట్టుకున్న ఆమె, నేను బయల్దేరుతుంటే బస్సు దాకా వచ్చింది. వాళ్ళ చెల్లెలి ఊళ్ళో సబ్ సెంటర్‌లో క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నారట, పంపాలా వద్దా అని అడిగింది. పంపమన్నాను. తేడా ఉందంటే ఏ పరీక్షలో ఉందో కాగితం మీద రాయించుకోమన్నాను, ఆపరేషన్ అంటే మాత్రం ఆ రోజే సరేననొద్దని చెప్పమన్నాను. "సరేననకుండా ఎలా రావాలో కూడా చెప్పమ్మా" అంది. బస్సు వచ్చేదాకా దాని గురించే మాట్లాడుకున్నాం.