మా వాడికి తుపాకీ కొన్నాం

ఈ నెల బొమ్మల కొలువు గురించి రాస్తానని పోయినసారి చెప్పాను. కొలువు పెట్టాను, ఫొటోలూ తీశాను. కానీ ఈ రెండు నెలలూ నా బుర్రంతా ఇంకోచోట ఉంది. మా పెద్దాడికి పన్నెండేళ్ళు. వాడికి జింకల వేటకి రైఫిల్ కొన్నాం.

ఆగండి, చదవడం మానేయకండి. రెండేళ్ళ క్రితం ఎవరైనా ఈ మాటంటే నేనూ మొహం అలాగే పెట్టేదాన్ని.

మేముండేది విస్కాన్సిన్‌లో, మన వాళ్ళు పట్టుమని పది కుటుంబాలు కూడా లేని ఊళ్ళో. థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలుపెట్టి తొమ్మిది రోజులు తుపాకీ సీజన్. ఆ రోజుల్లో పాల కోసం దుకాణానికి వెళ్తే అందరూ నారింజ రంగు కోట్లలోనే కనిపిస్తారు. (2016 నుంచి ముదురు పింక్ కూడా ఒప్పుకుంటున్నారు. ఆడవాళ్ళ కోసమేనట! మనల్ని అడిగారా?) సోమవారం స్కూలుకొచ్చిన పిల్లలు ఎవరి నాన్న ఏం కొట్టాడో, ఎవరి అక్క గురి ఎలా తప్పిందో చెప్పుకుంటుంటే మా వాడు వింటూ కూర్చునేవాడు. మన ఇళ్ళల్లో క్రికెట్ స్కోరు తెలియని పిల్లాడు ఎలా ఉంటాడో అలా.

చాలాకాలం మాకో మంచి సాకు ఉండేది. మేం వీసా మీద ఉన్నాం. హెచ్1, హెచ్4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. స్నేహితులతో సరదాగా షూటింగ్ రేంజికి వెళ్ళి ఫొటో పెట్టే మన కుర్రాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. మీ తమ్ముళ్ళకీ మరుదులకీ చెప్పండి, లాయర్ని అడగకుండా ముట్టుకోవద్దని. పోయినేడు మాకు గ్రీన్ కార్డు వచ్చింది, సాకు పోయింది.

మా అమ్మకి ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెన్సిలు చెక్కుకోడానికి వాడికి బ్లేడు కూడా ఇవ్వవు కదే నువ్వు!" అంది. నిజమే. మన దేశంలో 1972 చట్టం వచ్చాక వేట అంటే జైలు మాటే. మా ఇంట్లో ఎవరూ తుపాకీ పట్టినవాళ్ళు కాదు. అయితే ఒకరోజు నేను కోడి ముక్కలు కడుగుతుంటే వాడు వచ్చి నిలబడి, "దీన్ని ఎవరు చంపారో నీకు తెలుసా అమ్మా?" అన్నాడు. వాదించే గొంతు కాదు, మామూలుగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అయినా చంపడం అనే మాట నాకు గొంతు దిగలేదనే చెప్తాను.

వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరయ్యారు, యాభై ఏళ్ళుగా వేటాడుతున్నారు. పిల్లలందరూ ఆయన్ని తాతా అనే పిలుస్తారు, మా వాళ్ళు నేర్పిన మాటే. ఆయన చెప్పింది ఒకటే: ముందు చదువు, తర్వాత చిన్న తుపాకీ, ఆ తర్వాతే కొనడం.

చదువంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఇక్కడ మామూలుగా వేట లైసెన్సు కొనాలంటే అది పాసవ్వాలి. వాడి పక్కన నేనూ కూర్చున్నాను, నోట్సు రాసుకుంటూ. బీయస్సీ రోజులు గుర్తొచ్చాయి. నాలుగు సూత్రాలు అక్షరాల్లో కలిపి బట్టీ పట్టిస్తారు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని దిక్కుకే. నువ్వు కొట్టేదేమిటో, దాని వెనకాల ఏముందో తెలుసుకో. కొట్టడానికి సిద్ధమయ్యేదాకా వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కడియం బయటే. మా వాడు వారం రోజులు టీవీ రిమోటు కూడా అలాగే పట్టుకున్నాడు.

వేసవంతా పెద్దాయన దగ్గరున్న .22 తో రేంజిలో కాగితాలకి చిల్లులు పెట్టాడు. అది జింకకి పనికిరాదు, వాడనివ్వరు కూడా. కానీ దాదాపు తన్నదు, చప్పుడు తక్కువ, తూటా చవక. మొదటే పెద్ద తుపాకీ ఇస్తే పిల్లలకి ఒక అలవాటు పడుతుందిట. అది పేలబోయే క్షణంలో కళ్ళు మూసుకుని భుజం ముడుచుకుంటారు. ఒకసారి పడితే వదిలించడం కష్టం. పెద్దాయన అప్పుడప్పుడూ మా వాడికి తెలియకుండా ఉత్తుత్తి తూటా పెట్టేవారు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటుంది, అంతే. అప్పుడు గొట్టం కదిలిందంటే పిల్లాడు భయపడుతున్నట్టు. జూన్‌లో కదిలింది. ఆగస్టుకి కదల్లేదు.

ఇక కొనడం. మా వారూ నేనూ దుకాణానికి వెళ్ళాం. కౌంటర్లో అబ్బాయి 30-06 అనే రకం తీసి చేతికిచ్చాడు. పెరిగే పిల్లాడు కదా, ఇది జీవితాంతం ఉంటుంది అన్నాడు. మా వారు తలూపేస్తున్నారు. మన వాళ్ళకి ఆ మాట ఎంత ఇష్టమో! స్కూలు యూనిఫాం రెండు సైజులు పెద్దది కుట్టించిన జాతి మనది.

నేను ఆ రాత్రి కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. పదో తరగతిలో చదువుకున్న ద్రవ్యవేగ నిత్యత్వ నియమమే. గుండూ, మందు కాలిన వాయువులూ ముందుకి ఎంత ద్రవ్యవేగంతో పోతాయో, తుపాకీ అంతే ద్రవ్యవేగంతో వెనక్కి వస్తుంది. ఇక్కడ గుండు బరువుని గ్రెయిన్లలో చెప్తారు. మన బంగారం కొట్లో గురివింద గింజ ఉండేదే, దాని బరువులో గ్రెయిన్ అంటే సుమారు సగం. .243 విన్‌చెస్టర్ అనే రకంలో 100 గ్రెయిన్ల గుండు, అంటే ఆరున్నర గ్రాములు, సెకనుకి 900 మీటర్ల వేగంతో పోతుంది. 30-06 లో 180 గ్రెయిన్ల గుండు వేగం కాస్త తక్కువ, బరువు చాలా ఎక్కువ, మందు కూడా ఎక్కువే. మూడుంపావు కిలోల రైఫిల్ అనుకుని లెక్క వేస్తే, రెండోది భుజం మీద తన్నే శక్తి మొదటిదానికి రెట్టింపు పైనే వచ్చింది. నలభై కిలోల పిల్లాడి భుజం! పైగా పిల్లలకని తుపాకీ బరువు తగ్గించిన కొద్దీ తన్ను పెరుగుతుంది. తేలిక కదా అని సంబరపడితే అక్కడే దెబ్బతింటాం. తన్ను తగ్గించడానికి గొట్టం చివర బిగించే బ్రేక్ ఉంటుంది గానీ, అది చప్పుడు పెంచుతుంది. మామూలు రైఫిల్ చప్పుడే 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్కసారికే చెవి పాడు చేయగలదు. అందుకని బ్రేక్ వద్దన్నాను, చెవులకి మఫ్స్ తప్పనిసరి అన్నాను.

.243 జింకకి బాగా సరిపోతుంది, దగ్గరి దూరంలో జాగ్రత్తగా కొడితే. 7ఎమ్ఎమ్-08 కూడా పిల్లలకి మంచిదంటారు, తన్ను కొంచెం ఎక్కువ. నేను తన్ను తక్కువ ఉన్నదానికే ఓటేశాను.

తర్వాత కొలత. ఇది మన ఆడవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. తుపాకీ మడమ నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే దూరం పెద్దవాళ్ళ రైఫిళ్ళలో సుమారు పదమూడున్నర అంగుళాలు, పిల్లల వాటిలో పన్నెండు, పన్నెండున్నర. మోచెయ్యి మడిచి, మడమని మోచేతి మడతలో ఆనిస్తే వేలు ట్రిగ్గర్‌కి హాయిగా అందాలి. పొడవైతే పిల్లాడు వెనక్కి వాలి నిలబడతాడు, గురి ఉండదు. మరీ దగ్గరైతే తుపాకీ తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమ్మని చీరుస్తుంది. మరి పెరిగే పిల్లాడి సంగతేమిటి? రూగర్, సావేజ్, మాస్‌బర్గ్ లాంటి కంపెనీలు పిల్లల సైజువి చేస్తాయి. కొన్ని మోడళ్ళలో మడమ దగ్గర ముక్కలు కలుపుతూ పొడవు పెంచుకోవచ్చు. చిన్నప్పుడు మన పట్టుపరికిణీకి మూడు టక్కులు కుట్టించి ఏడాదికొకటి విప్పేవారు కదా, అదే పద్ధతి.

అన్నీ అయ్యాక ఒక చిక్కు. మా వాడు కుడిచేత్తో రాస్తాడు, కానీ వాడి బలమైన కన్ను ఎడమది. రెండు చేతులూ చాపి మధ్యలో చిన్న కిటికీలా పెట్టి, దూరంగా ఉన్న గడియారాన్ని అందులోంచి రెండు కళ్ళతో చూడమనండి. తర్వాత ఒక్కో కన్నే మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కిటికీలోనే ఉంటుందో అదే బలమైన కన్ను. మేం ఇది వేసవి మొదట్లో చూసి ఉండాల్సింది, ఎవరికీ తోచలేదు. ఆగస్టు చివర్లో వాడు మెడ వంకర పెట్టి గురి చూడటం నేను గమనించాను. అప్పుడు ఎడమ భుజానికి మార్చి మళ్ళీ మొదటినుంచీ నేర్చుకున్నాడు. ఎడమచేతి బోల్టు ఉన్న చిన్న సైజు రైఫిళ్ళు తక్కువ, ఆర్డరు పెట్టి మూడు వారాలు ఆగాం. స్కోపుతో కలిపి ఐదొందల డాలర్లు దాటింది. తూటాలు సీసం కాకుండా రాగివి తీసుకున్నాం, ఖరీదెక్కువే. సీసపు గుండు లోపల చిట్లి, కంటికి కనిపించని ముక్కలు మాంసంలో చాలా దూరం వెళ్తాయి. 2008లో నార్త్ డకోటాలో దానంగా వచ్చిన జింక మాంసంలో సీసం ఉందని పక్కన పెట్టేశారు. నేను పిల్లలకి వండిపెట్టేది అది.

పిల్లల పేరు మీద అమ్మరు. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకి దుకాణం రైఫిల్ అమ్మకూడదు. మా వారే గ్రీన్ కార్డు నంబరుతో ఫారం నింపి, తనిఖీ అయ్యాక కొన్నారు. కన్నబిడ్డకి బహుమతిగా ఇవ్వడానికి తల్లిదండ్రులు కొనొచ్చు. ఇంకొకరి డబ్బుతో వాళ్ళ కోసం మీ పేరున కొనడం మాత్రం నేరం.

ఇంతవరకూ రాయడం తేలికే. అసలు నిద్రపట్టనివ్వనిది ఇంటికి తెచ్చాక సంగతి. అమెరికాలో 2020 నుంచి ఏడాది దాటిన పిల్లల్లో, టీనేజర్లలో మరణాలకి మొదటి కారణం తుపాకీలే. పెద్దలూ పిల్లలూ కలిపి చూస్తే తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. పన్నెండేళ్ళ వాడు రేపు పదిహేనుకి వస్తాడు. మార్కులు తగ్గుతాయి, స్నేహితులు మాట్లాడటం మానేస్తారు, తలుపు వేసుకుని కూర్చుంటాడు. మనకి చెప్పరు. మా అబ్బాయి అలాంటివాడు కాదు అనే మాట నేను నమ్మను. ఏ తల్లీ అలా అనకుండా ఉండలేదు కాబట్టే నమ్మను.

అందుకని మా వారితో రెండు రోజులు గొడవపడి మరీ ఒప్పించాను. రైఫిల్ బేస్‌మెంట్‌లో ఇనుప సేఫ్‌లో. దాని బోల్టు ఊడదీసి నా బీరువాలో, నగల లాకర్ పక్కన. బోల్టు లేని రైఫిల్ గొట్టం కట్టిన కర్ర. తూటాలు మూడోచోట, వేరే తాళం. సేఫ్ నంబరు మా ఇద్దరికే, అది ఎవరి పుట్టినరోజూ కాదు. ఇంట్లో ఎవరి మనసు బాగాలేకపోయినా, మా వారిదైనా సరే నాదైనా సరే, ఏ ప్రశ్నలూ లేకుండా రైఫిల్ పెద్దాయన ఇంటికి పోతుంది. "నీకు నామీద నమ్మకం లేదా?" అని మా వారు అడిగారు. నాకు నామీదే లేదన్నాను.

ఇంకో మాట. మా ఇంటికి ఆడుకోవడానికి వచ్చే పిల్లల తల్లులకి నేనే ముందు చెప్తున్నాను, తుపాకీ ఉంది, ఇలా తాళం వేసి ఉంది అని. ఒకావిడ, నాకు చాలా దగ్గరి మనిషి, వాళ్ళ అమ్మాయిని పంపడం మానేసింది. దసరాకి పేరంటానికి పిలిస్తే వచ్చింది, తాంబూలం తీసుకుంది, కూర్చోలేదు. ఆమెది తప్పని అనలేను. రెండేళ్ళ క్రితం నేనైతే తాంబూలానికీ వెళ్ళేదాన్ని కాదు.

అక్టోబరు మొదట్లో పదిహేనేళ్ళు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకి రెండు రోజుల ప్రత్యేక వేట ఉంటుంది, పక్కన పెద్దవాళ్ళు ఉండాలి. పెద్దాయన తీసుకెళ్ళారు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పులిహోర డబ్బాలో పెట్టిచ్చాను. ఐదు తూటాలు లెక్కపెట్టి ఇచ్చాను. పగలంతా ఏ పనీ సాగలేదు, పప్పు రెండుసార్లు మాడింది.

చీకటి పడ్డాక వచ్చారు. జింక కనిపించిందట, డెబ్బై గజాల్లో, పక్కకి తిరిగి నిలబడిందట. పావుగంట దాన్నే చూస్తూ కూర్చున్నాడట. కొట్టలేదు. ఎందుకని అడిగితే చేతులు కడుక్కుంటూ, "వెనకాల గుట్ట అవతల ఏముందో నాకు కనిపించలేదమ్మా" అన్నాడు. పెద్దాయన వైపు చూశాను. ఆయన పులిహోర డబ్బా తిరిగిచ్చి, ఇంకా ఉందా అని అడిగారు.

వాడు జేబులోంచి తూటాలు తీసి నా అరచేతిలో ఒక్కొక్కటే పెట్టాడు. ఐదూ ఉన్నాయి. మూత పెట్టి తాళం వేశాను. నవంబరు సీజన్‌కి ఇంకా నాలుగు వారాలుంది. మళ్ళీ వెళ్తానంటున్నాడు.