మిగిలిన మిఠాయి ఎవరి నోట్లోకి?

దీపావళి వెళ్ళిన నాలుగోనాడు ఏ ఇంట్లోనైనా ఫ్రిజ్ తలుపు తీసి చూడండి. పాలగిన్నెకి చోటివ్వకుండా, మూత సరిగ్గా పడని అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుని ఉంటాయి. ఒకదాంట్లో అంచులు విరిగిన మైసూరుపాకు, ఇంకోదాంట్లో చెమట పట్టిన కోవాబిళ్ళలు, మరోదాంట్లో ఎవరూ ముట్టని ఆకుపచ్చ బర్ఫీ. ఆ ఆకుపచ్చదాన్ని ఎవరికోసం చేస్తారో నాకింతవరకు అంతుపట్టలేదు.

ఇక అక్కణ్ణించి మొదలవుతుంది మన పొదుపు. "పారేస్తామా, లక్ష్మీదేవి!" అంటూ కొంగు బిగిస్తాం. సలహాలిచ్చేవాళ్ళకి కొదవేముంది? లడ్డూలు చిదిపి పాలల్లో వేస్తే పాయసమట. కోవాబిళ్ళలు మెదిపి పూర్ణం పెడితే బొబ్బట్లట. వినడానికి బాగానే ఉంది. ఒక్కసారి కాగితం మీద లెక్కవేసి చూడండి. పావుకిలో లడ్డూని ఆదా చెయ్యడానికి అరలీటరు పాలు, గుప్పెడు జీడిపప్పు, రెండు చెంచాల నెయ్యి, అరగంట గ్యాసు, ఆపైన మన నడుము! లడ్డూ లడ్డూగా ఉన్నప్పుడే తిననివాళ్ళు అది పాయసమైతే మాత్రం ఎగబడతారా? సాయంత్రానికి లడ్డూ మాయమై, దానికి మూడింతల పాయసం మిగులుతుంది. దాన్ని వదిలించుకోవడానికి మళ్ళీ ఇంకో చిట్కా కావాలి.

ఇంతకీ ఆ పాయసం చివరికి ఎవరు తాగుతున్నారు? నేనడిగేది అదీ! ఆయనకి షుగరు, డాక్టరు వద్దన్నాడు. పిల్లలకి మొహం మొత్తింది. అత్తగారు పండుగనాడే ఒక ముక్క తిని చాలన్నారు. ఇక మిగిలింది ఇల్లాలు. గిన్నె తోమడానికి వేసేముందు నిలబడే నాలుగు గరిటెలు నోట్లో పోసుకుంటుంది. ఇష్టమై కాదు, పారెయ్యడానికి చెయ్యిరాక. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే అంచనా ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10 కోట్లకు పైమాటే. అందులో ఆడవాళ్ళు లేరనా? విడిగా కలుపుకునే పంచదార రోజుకి 25 గ్రాములు, అంటే సుమారు ఆరు చెంచాలు, మించకపోతే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఆయనకి విషమైనది మన ఒంట్లో అమృతమవుతుందా? తూములో పోస్తే వృథా, మన పొట్టలో పోస్తే సద్వినియోగమూనా? మిఠాయి డబ్బు దుకాణంలోనే ఖర్చయిపోయిందమ్మా. మనం మింగినంత మాత్రాన తిరిగి రాదు.

రెండో దారి పనిమనిషి. ఈ మాటంటే కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి. పండుగనాడు వచ్చిన చుట్టాలందరి అంట్లూ తోమి వెళ్తూంటే, "రేపు తీసుకెళ్దువుగానిలే" అంటాం. ఆ రేపు అయిదోనాటికి వస్తుంది. వాసన చూసి, "ఆఁ, బాగానే ఉందిలే" అని తీర్మానించి పొట్లం కట్టిస్తాం. మన పిల్లాడికి పెట్టడానికి జంకిన కోవా ఆమె పిల్లాడికి ఎలా పనికొస్తుందండీ? వాడి కడుపేమైనా ఇనప్పెట్టా? పైగా, "మేము పనివాళ్ళకి పెట్టందే తినం" అని పేరంటాల్లో చెప్పుకోవడమొకటి!

అమ్మమ్మల కాలంలో అరిసెలు నెల్లాళ్ళు డబ్బాలో నిలిచేవి, నిజమే. ఎందుకు నిలిచాయి? బెల్లం గట్టిగా పాకం పట్టి, వేయించి, చెక్కల మధ్య నొక్కి పెట్టుకున్నారు కనుక. సున్నుండలు చుట్టేటప్పుడు తడిచెయ్యి తగలనిచ్చేవారా? నిలవుండేలా చేసి నిలవ పెట్టుకున్నారు. ఆ అలవాటునే మనం తడి ఆరని పాలమిఠాయికి తగిలించాం. విడిగా అమ్మే మిఠాయిని ఎప్పటిలోగా తినాలో రాసిపెట్టాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి దుకాణాలకి నియమం పెట్టింది. ఆ సంస్థ సూచనల్లో కలాకండ్ ఆయుష్షు ఒక్కరోజు. రసగుల్లాకి రెండు, కోవా మిఠాయికి నాలుగు. మన పొట్లం కట్టేది అయిదోనాడు!

విప్పని సోన్‌పాపిడి పెట్టె ఇల్లిల్లూ తిరిగే కథ మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఇంటికీ వచ్చే ఉంటుంది.

నేనడిగేది పెద్ద సంస్కరణేం కాదు. పండుగనాడు, పెట్టె ఫ్రిజ్‌లోకి ఎక్కకముందే పంచెయ్యండి. పనిమనిషికి, వాచ్‌మన్‌కి మీరు తినే పెట్టెలోంచే, మీరు తినేరోజునే ఇవ్వండి. ఆయనకి ఆఫీసులో ఇచ్చే పెట్టె అక్కడే విప్పి నలుగురితో తిని రమ్మనండి. కొనేటప్పుడు కిలోల్లెక్కన కాక మనుషుల లెక్కన కొనండి. "పండుగపూట పావుకిలో ఏమిటి, చూసేవాళ్ళేమనుకుంటారు?" అని ఆయన గొణిగితే, మిగిలింది ఆయన్నే తినమనండి. షుగరు సంగతి అప్పుడు ఆయనకే గుర్తొస్తుంది.

అప్పటికీ మిగిలి చెడిందా, నిక్షేపంగా పారెయ్యండి. అట్టపెట్టె గట్టిదైతే మాత్రం దాచండి. సూదులూ, దారాలూ, తెగిన హుక్కులూ పెట్టుకోవచ్చు.